మాస్టారూ, ఆ ఎఫ్ఐఆర్ కోసం స్టేషన్‌కి వెళ్ళకండి

పలాస దగ్గర ఉద్దానం నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు అడిగారు. కొడుకు 2021లో కెనడా చదువుకి వెళ్ళాడు. కాలేజీ డిప్లొమా అయ్యాక మూడేళ్ళ వర్క్ పర్మిట్ వచ్చింది. టొరంటో పక్కన బ్రాంప్టన్‌లో ఒక వేర్‌హౌస్‌లో పని, ఏడాదిగా సూపర్‌వైజర్. పర్మిట్ ఇంకో నాలుగు నెలల్లో అయిపోతుంది, పీఆర్, అంటే శాశ్వత నివాస హోదా, రాలేదు. అక్కడి కన్సల్టెంటు ఒకాయన 6,000 డాలర్లు ఇస్తే శరణార్థి కేసు వేస్తానన్నాడట. ఊళ్ళో పార్టీ గొడవల వల్ల ప్రాణభయం ఉందని రాయాలట. అందుకోసం ఇక్కడి నుంచి ఒక ఎఫ్ఐఆర్ కాపీ, దెబ్బలు తగిలినట్టు డాక్టరు సర్టిఫికెట్, తండ్రి పేరు మీద నోటరీ అఫిడవిట్ పంపమన్నాడట. "తిత్లీ తుఫానుకి పోయిన జీడితోటని మళ్ళీ వేసుకుని, దాన్నే తాకట్టు పెట్టి పంపాను. ఎఫ్ఐఆర్ పుట్టించడానికి తెలిసినవాళ్ళున్నారు. తెప్పించమంటారా?" అని ఆయన ప్రశ్న.

వద్దు మాస్టారూ. ఎందుకు వద్దో కొంచెం పెద్దగా చెప్పాల్సి వస్తుంది, ఓపిక చేసుకోండి.

మాది గరివిడి దగ్గర ఒక పల్లె. 2006 నుంచి 2022 దాకా టొరంటోలో శరణార్థి విచారణల్లో దుబాసీగా పనిచేశాను, తెలుగుకీ హిందీకీ. అమ్మకి బాగోక వచ్చేసి ఇప్పుడు విజయనగరంలో ఉంటున్నాను. లాయర్ని కాను, మీ అబ్బాయి కాగితాలు చూడలేదు. కానీ ఆ విచారణ గదిలో ఏం జరుగుతుందో చాలామంది లాయర్ల కంటే ఎక్కువసార్లు చూశాను. దుబాసీకి ఒక చిత్రమైన నియమం ఉంది. ఎదుటివాడు "నేను" అంటే మనమూ "నేను" అనే చెప్పాలి. "అతన్ని కొట్టారట" అనకూడదు, "నన్ను కొట్టారు" అనాలి. అలా పదహారేళ్ళలో నన్ను ఎన్నిసార్లు కొట్టారో, మా ఇల్లు ఎన్నిసార్లు తగలబెట్టారో లెక్కలేదు. కొన్నాళ్ళకి ఏది జరిగిన కథో, ఏది అల్లిన కథో నోట్లో మాట తిరుగుతుండగానే తెలిసిపోయేది. జరిగిన కథలో అనవసరమైన సంగతులు ఎక్కువుంటాయి. అల్లిన కథలో అన్నీ అవసరమైనవే ఉంటాయి.

ముందు ఆ కన్సల్టెంటు అమ్మే సరుకేమిటో చూద్దాం. కేసు గెలుస్తుందని ఆయన కూడా అనలేదు. "మూడు నాలుగేళ్ళు లాగుతుంది సార్, ఈలోపు వర్క్ పర్మిట్ వస్తుంది, ఏదో దారి దొరక్కపోదు" అన్నాడని మీరే రాశారు. అంటే ఆయన అమ్మేది ఆలస్యం. అది కెనడా సర్కారు దగ్గర ఉచితంగా దొరుకుతోంది, ఈయన దానికి ధర కట్టాడు. శరణార్థి దరఖాస్తుకి అక్కడ ప్రభుత్వ ఫీజంటూ ఒక్క డాలరు కూడా లేదు. ఆ దరఖాస్తుదారుల వర్క్ పర్మిట్‌కీ ఫీజు లేదు. విచారణకి దుబాసీని కూడా వాళ్ళే పెడతారు, నాకు జీతం అలాగే వచ్చేది. నిజంగా అవసరమున్నవాడికి ఒంటారియోలో లీగల్ ఎయిడ్ కూడా దొరుకుతుంది.

మరి ఆ ఆలస్యం ఎక్కడి నుంచి వచ్చింది? 1985లో కెనడా సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది, సింగ్ కేసు అంటారు. కోర్టుకి వెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది మన దేశం నుంచి వెళ్ళిన సిక్కులే. అప్పటిదాకా శరణార్థి దరఖాస్తుని కాగితాలు చూసి కొట్టేసేవారు. మనిషి ప్రాణానికి సంబంధించిన విషయంలో, అతని మాట నమ్మాలా వద్దా అన్నది తేలాల్సి ఉన్నప్పుడు, ఎదురుగా కూర్చోబెట్టి వినాల్సిందేనని కోర్టు చెప్పింది. దాని ఫలితంగానే 1989లో ఇమిగ్రేషన్ అండ్ రెఫ్యూజీ బోర్డు పుట్టింది. అక్కడి మంత్రిత్వ శాఖకి సంబంధం లేకుండా, కోర్టు లాగే విని తీర్పు చెప్పే సంస్థ. చాలా దేశాలవాళ్ళు దాన్ని మెచ్చుకుంటారు. నాకూ దాని మీద గౌరవమే. కాకపోతే ఒక్కొక్కరికీ మూడు గంటల విచారణ అన్న లెక్క, ఏడాదికి కొన్ని వేలమంది వచ్చే కాలానికి సరిపోయింది. 2015లో వచ్చిన దరఖాస్తులు సుమారు 16 వేలు. 2024లో 1.7 లక్షలు దాటాయి. ఆ ఒక్క ఏడాదే విదేశీ విద్యార్థులు వేసినవి సుమారు 20 వేలు. 2025 నాటికి బోర్డు దగ్గర తేలకుండా పడి ఉన్న కేసులు 2.8 లక్షలు దాటిపోయాయి. రేషన్ షాపు ముందు లైను ఊరి చివరిదాకా పోతే, ముందు నిలబడే చోటు అమ్ముకునేవాడు ఒకడు తయారవుతాడు కదా. ఇక్కడ చిత్రమేమిటంటే ఈ కన్సల్టెంట్లు లైను చివరి చోటు అమ్ముతారు. లైను ఎంత పొడుగైతే వాళ్ళ సరుకు అంత గిరాకీ.

ఇక ఆ గదిలోకి రండి. ఇది నేను కూర్చున్న ఒక విచారణ. ఎవరో తెలియకుండా ఊరూ పేరూ పని అన్నీ మార్చేశాను. ఇరవై ఆరేళ్ళ కుర్రాడు, మన వైపువాడే. కరోనా తర్వాత విచారణలు ఎక్కువగా వీడియోలోనే కాబట్టి తెర మీద నాలుగు గళ్ళు: బోర్డు మెంబరు, లాయరు, కుర్రాడు, నేను. కుర్రాడి వెనక గోడకి ఒక దుప్పటి వేలాడదీసి ఉంది, అవతల రూమ్‌మేట్లు నిద్రపోతున్నట్టున్నారు. కథేమిటంటే ఎన్నికలప్పుడు ఇతను ఒక పార్టీకి పనిచేశాడు, ఎదుటి పార్టీవాళ్ళు ఫ్లెక్సీ చించారు, అడిగితే కర్రలతో కొట్టారు, పోలీసులు కేసు తీసుకోలేదు. అంతకుముందు రెండు నెలల్లో అదే ఫ్లెక్సీని నేను మూడుసార్లు చింపించాను, మూడు వేర్వేరు జిల్లాల్లో.

మెంబరు ఒక పెద్దావిడ. గొంతు ఎక్కడా పెంచలేదు. ఫ్లెక్సీ ఏ జంక్షన్‌లో కట్టారు, కట్టింది ఎవరు, డబ్బులు ఎవరిచ్చారు, ఏ చేతికి దెబ్బ తగిలింది అని అడిగింది. ఎడమ చెయ్యి అన్నాడు. సర్టిఫికెట్‌లో కుడి చెయ్యి ఉంది. "పైడితల్లి మీద ఒట్టు మేడం, నిజమే చెప్తున్నా" అన్నాడు. నేను చెప్పాను. పైడితల్లి ఎవరని ఆవిడ అడిగింది. మీ గ్రామదేవత గురించి రెండు ముక్కలు చెప్పమని అతన్నే అడిగాను, ఎందుకంటే దుబాసీ తన సొంత తెలివి చూపించకూడదు. అతను సిరిమాను గురించి చెబుతుంటే మాత్రం ముఖం వెలిగింది. ఎంత ఎత్తు మాను, ఎవరు ఎక్కుతారు, జనం అరటిపళ్ళు ఎలా విసురుతారు, వాళ్ళ నాన్న భుజాల మీద కూర్చుని ఎక్కడి నుంచి చూశాడు, అన్నీ గడగడా చెప్పాడు. ఆ మొత్తం మధ్యాహ్నంలో అతను చెప్పిన నిజమైన కథ అదొక్కటే. మెంబరుకీ ఆ సంగతి తెలిసిందని నా అనుమానం.

తర్వాత అసలు ప్రశ్న వచ్చింది. మనవాళ్ళ కేసుల్లో ఎక్కువ పోయేది ఇక్కడే, కన్సల్టెంట్లు చెప్పనిదీ ఇదే. "నీ ఊళ్ళో ప్రమాదం ఉందనే అనుకుందాం. హైదరాబాద్‌లో ఎందుకు ఉండకూడదు? ముంబయిలో?" సొంత దేశంలోనే ఇంకోచోట క్షేమంగా బతకగలిగే వీలుంటే శరణు ఇవ్వరు. దానికి రెండు మెట్లు. ఆ ఊళ్ళో నిన్ను వెతుక్కుంటూ వచ్చే సత్తా, కోరిక అవతలివాళ్ళకి ఉన్నాయా? ఉన్నా లేకపోయినా, అక్కడికెళ్ళి బతకడం నీకు మరీ అన్యాయమా? చదువుకున్న, ఆరోగ్యంగా ఉన్న, హిందీ ఇంగ్లీషు వచ్చిన ఇరవై ఆరేళ్ళవాడికి మన దేశమంత పెద్ద దేశంలో ఈ రెండిట్లో ఏ ఒక్కటైనా అవునని నిరూపించడం చాలా కష్టం. వాళ్ళ దగ్గర ప్రతి దేశం గురించీ ఒక పెద్ద ఫైలు ఉంటుంది, అందరూ చూడొచ్చు. మన పోలీసుల కంప్యూటర్లు ఒక రాష్ట్రానికీ ఇంకో రాష్ట్రానికీ ఎంతవరకు మాట్లాడుకుంటాయి, అద్దెకున్నవాళ్ళ వివరాలు పోలీసులు ఎలా తీసుకుంటారు, అవన్నీ అందులో ఉంటాయి. మన గురించి మనకి తెలియనివి కొన్ని నేను అక్కడే తెలుసుకున్నాను.

కుర్రాడు "ఆధార్‌తో పట్టుకుంటారు మేడం" అన్నాడు. అలా చెప్పమని ఎవరో నేర్పారు. ఆవిడ పాస్‌పోర్టు కాగితాలు తిరగేసి, "గొడవ జరిగాక నువ్వు హైదరాబాద్ అమీర్‌పేటలో ఎనిమిది నెలలు హాస్టల్లో ఉండి కోచింగ్ తీసుకున్నావు కదా. ఆ ఎనిమిది నెలల్లో నీకోసం ఎవరైనా వచ్చారా?" అంది. కుర్రాడు తెర మీద నా గడి వైపు చూశాడు. నెమ్మదిగా, తెలుగులో, "అన్నా, ఏటి చెప్పమంటావు?" అన్నాడు.

నియమం ప్రకారం అతని నోటి నుంచి వచ్చిన ప్రతి మాటా నేను ఇంగ్లీషులో చెప్పాలి. చెప్పాను. రికార్డులోకి ఎక్కింది. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. తప్పు చేశానని కాదు, ఆ పిల్లాడికి ఆ కథ అమ్మినవాడు ఆ టైమ్‌కి ఇంకో పిల్లాడికి అమ్ముతూ ఉంటాడని.

ఇంతకీ ఎఫ్ఐఆర్ సంగతి. 2016లో మన సుప్రీంకోర్టు ఆదేశాల తర్వాత ఎఫ్ఐఆర్‌లు పోలీసు వెబ్‌సైట్లలో పెడుతున్నారు. నంబరు కొడితే ఏ స్టేషన్, ఏ తేదీ, ఎవరి మీద అన్నది బయటపడుతుంది. మీరు పుట్టించిన కాగితం అక్కడ లేకపోతే కేసు మాత్రమే పోదు. మోసపూరితంగా చెప్పినట్టు తేలితే అయిదేళ్ళ పాటు కెనడాలో అడుగు పెట్టకుండా నిషేధం పడే ప్రమాదం ఉంది. ఇక్కడ మీ అఫిడవిట్ మీద సంతకం మీది, కన్సల్టెంటుది కాదు. దొంగ కాగితం పుట్టించడం, అబద్ధపు ప్రమాణపత్రం ఇవ్వడం మన చట్టంలోనూ నేరాలే. ముప్ఫై ఏళ్ళు పిల్లల మార్కుల జాబితాల మీద సంతకం పెట్టిన చెయ్యి మీది. దాన్ని ఆయన 6,000 డాలర్ల వ్యాపారానికి అరువివ్వకండి.

అబద్ధం పట్టుబడకుండా గట్టెక్కుతుందనే అనుకుందాం. అప్పుడైనా ఏమవుతుందో చూడండి. దరఖాస్తు వేశాక పాస్‌పోర్టు అధికారులు ఉంచుకుంటారు. అదే రోజుల్లో దేశం విడిచి వెళ్ళాలన్న షరతుతో ఒక ఉత్తర్వు కూడా చేతిలో పెడతారు. కేసు నడుస్తున్నంతకాలం అది నిద్రపోతుంది, కేసు పోతే లేస్తుంది. లేచాక 30 రోజుల్లో వెళ్ళి, వెళ్ళినట్టు నమోదు చేయించుకోకపోతే అది బహిష్కరణగా మారుతుంది. ఆ తర్వాత ఎప్పుడు కెనడా వెళ్ళాలన్నా ముందు ప్రత్యేక అనుమతి తెచ్చుకోవాలి. వేలిముద్రల సమాచారం అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లతో పంచుకుంటారు కాబట్టి రేపు మెల్‌బోర్న్ వీసాకి వేసినా "ఎప్పుడైనా ఏ దేశమైనా వెళ్ళిపొమ్మందా" అన్న గడి దగ్గర ఆగిపోవాలి. శరణు కోరడం కూడా అక్కడ జీవితంలో ఒక్కసారే. వేసి, భయపడి వెనక్కి తీసుకున్నా, ఆ ఒక్కసారీ అయిపోయినట్టే.

"ఈలోపు వర్క్ పర్మిట్ వస్తుంది, ఆ అనుభవంతో పీఆర్ వస్తుంది" అన్నాడే, అది ఇంకా పెద్ద బొంకు. కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ క్లాస్ అని మీవాడు ఎదురుచూస్తున్న దారి ఉంది చూడండి, దాని నియమాల్లో స్పష్టంగా రాసి ఉంది: పని చేసిన కాలంలో తాత్కాలిక నివాసిగా చెల్లుబాటు హోదా ఉండాలి. శరణార్థి దరఖాస్తుదారుడికి పని చేసుకునే అనుమతి ఉంటుంది కానీ ఆ హోదా ఉండదు. కాబట్టి ఆ నాలుగేళ్ళు పనిచేసినా ఆ లెక్కలోకి ఒక్క రోజు రాదు. మానవతా కారణాలతో పీఆర్ అడిగే దారి ఇంకొకటుంది, శరణార్థి కేసు నడుస్తుండగా అదీ వేయకూడదు. పోయాక మామూలుగా ఏడాది ఆగాలి. వాడు ఒక తలుపు తీస్తానని మూడు తలుపులు మూయిస్తున్నాడు.

ఇంకొక మాట. ఖర్మ కాలి గెలిచాడనుకోండి. "ఇండియాలో నన్ను చంపుతారు" అని చెప్పి పీఆర్ తెచ్చుకున్నవాడు, ఇండియన్ పాస్‌పోర్టు రెన్యువల్ చేయించుకుని అక్కచెల్లెళ్ళ పెళ్ళికి పలాసలో దిగితే, భయం లేదన్నట్టే కదా అని శరణార్థి రక్షణని రద్దు చెయ్యమని ప్రభుత్వం అడగొచ్చు. 2012లో చేసిన సవరణ తర్వాత ఆ రక్షణతో పాటు పీఆర్ కూడా పోతుంది. పౌరసత్వం వచ్చేదాకా ఈ కత్తి వేలాడుతూనే ఉంటుంది. అమ్మకి సీరియస్ అని ఫోన్ వస్తే రాలేక బాత్రూమ్‌లో నీళ్ళు తిప్పుకుని ఏడ్చినవాళ్ళు నాకు తెలుసు.

2025 మార్పుల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మీవాడికి సూటిగా తగిలేది అదే. జూన్ 3న అక్కడి ప్రభుత్వం పార్లమెంటులో సరిహద్దుల బిల్లు ఒకటి పెట్టింది, దాంట్లో ముఖ్యమైన భాగాలు విడదీసి అక్టోబరులో సీ-12 అని మళ్ళీ పెట్టింది. అందులో రాసింది ఇది: 2020 జూన్ 24 తర్వాత కెనడాలో మొదటిసారి దిగినవాళ్ళు, దిగిన ఏడాది దాటాక శరణు అడిగితే ఆ కేసు బోర్డు దాకా వెళ్ళదు. మధ్యలో ఇంటికొచ్చి వెళ్ళినా లెక్క మొదటిసారి దిగిన రోజు నుంచే. 2025 జూన్ 3 నుంచి వేసిన దరఖాస్తులకి వర్తించేలా రాశారు. అలాంటివాళ్ళకి మిగిలేది పంపించేముందు ప్రాణహాని ఉందా అని ఒక అధికారి చూసే పరిశీలన మాత్రమే. అది ఎక్కువగా కాగితాల మీదే నడుస్తుంది, ఒప్పుకునేవి చాలా తక్కువ. మీవాడు దిగింది 2021లో. అంటే ఆ కన్సల్టెంటు అమ్ముతున్న నాలుగేళ్ళ ఆలస్యం కూడా ఇతనికి గ్యారంటీ లేదు. పాత స్టాకు అంటగడుతున్నాడు.

ఆ సవరణ మీద నాకు మిశ్రమ అభిప్రాయం ఉంది. ఇలాంటి కథల దుకాణాలు మూయించడానికి పనికొస్తుంది, నిజం. అమెరికాలో 1996 చట్టం నుంచీ ఇలాంటి ఏడాది గడువుంది. కానీ మనిషికి భయం ఎప్పుడు పుడుతుందో క్యాలెండరుకి తెలియదు. చదువుకోడానికి వచ్చి, మూడో ఏట ఇంట్లోవాళ్ళకి ఇష్టంలేని పెళ్ళి చేసుకుని, అప్పటి నుంచి బెదిరింపులు మొదలైన అమ్మాయి ఉందనుకోండి. ఆమె దిగిన మొదటి ఏడాదిలో ఏమని అడుగుతుంది?

ఇంట్లోవాళ్ళ నుంచే నిజంగా భయం ఉన్న ఆవిడ కేసు ఒకటి నేను విన్నాను. ఇదీ ఆనవాళ్ళు మార్చే చెబుతున్నాను. ఆమె దగ్గర ఎఫ్ఐఆర్ లేదు. స్టేషన్‌కి వెళ్తే ఇంటికి ఫోన్ చేసి చెప్పారట, ఇంకెక్కడి ఎఫ్ఐఆర్. ఆమె చెప్పిన దాంట్లో అన్నీ అనవసరమైన సంగతులే. వంటింటి తలుపుకి గడియ వంకరగా ఉండేదని, మూసేటప్పుడు కొంచెం ఎత్తి వెయ్యాలని, ఆ రోజు కంగారులో ఎత్తడం మర్చిపోయానని చెప్పింది. కుక్కర్ మూడో విజిల్ వేసిందని చెప్పింది. మెంబరు ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. హైదరాబాద్ ఎందుకు కాదు అన్న ప్రశ్నకి, అన్నయ్య ఏం పని చేస్తాడో, బెంగళూరులో ఒకసారి ఎలా వెతికి పట్టుకున్నాడో చెప్పింది. అక్కడికక్కడే ఒప్పుకున్నట్టు తీర్పు చదివారు. ఆ విచారణ కోసం ఆమె మూడేళ్ళు ఆగింది. కూతురు ఇక్కడ అమ్మమ్మ దగ్గర ఉంది. తీర్పు వచ్చాక పీఆర్‌కి ఇంకో క్యూ, పిల్లని తెచ్చుకోడానికి అందులోనే ఎదురుచూపు. వదిలి వెళ్ళేటప్పుడు పిల్లకి నాలుగేళ్ళు. ఫ్లెక్సీ కథలు ఆమె ముందు లైనులో ఉండబట్టే ఆ మూడేళ్ళు.

మా తాత గుర్తొస్తాడు నాకు అలాంటప్పుడు. మన జిల్లాల్లో పెద్దవాళ్ళు రంగూన్‌ని "రంగం" అనేవారు, మీరూ వినే ఉంటారు. కళింగపట్నం, భీమిలి రేవుల నుంచి ఓడలెక్కి వేలమంది పోయేవారు, అక్కడ మనవాళ్ళని కొరంగీలు అని పిలిచేవారు. తాత రంగంలో బియ్యం మిల్లులో మూటలు మోశాడు. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక లక్షలమంది నడిచి వచ్చేశారు, దారిలో చనిపోయినవాళ్ళే వేలకి వేలు. తాత అరకాన్ కొండల మీదుగా చిట్టగాంగు చేరాడు. ఆయన దగ్గర ఒక్క కాగితం లేదు. అడిగినవాడూ లేడు. 1962లో నె విన్ అధికారంలోకి వచ్చి దుకాణాలు, మిల్లులు జాతీయం చేశాక మళ్ళీ లక్షల్లో వచ్చారు, విశాఖలో, మన దగ్గర బర్మా కాలనీలు వెలిసింది అప్పుడే. వాళ్ళని కాందిశీకులు అన్నాం. ఎంత గొప్ప మాటో చూడండి, "ఏ దిక్కుకి పోను" అని అడిగేవాడని దాని అర్థం. మీ అబ్బాయికి దిక్కు తెలుసు మాస్టారూ. ఇల్లుంది, తోటుంది, నాన్న ఉన్నాడు. అప్పుంది, అది వేరే బాధ.

సంస్కరణల గురించి ఎవరైనా నన్నడిగితే ఒక్కటే చెబుతాను. అక్కడ ప్రతి ప్రభుత్వం తలుపు దగ్గర ఏదో చేస్తుంది, లోపల గదులు పెంచదు. 2012లో గడువులు పెట్టారు, 30 రోజుల్లో, 60 రోజుల్లో విచారణ అని. వినేవాళ్ళు చాలక గడువులు కాగితం మీదే ఉండిపోయాయి. కొన్ని దేశాలని "క్షేమమైన దేశాలు" అని జాబితా కట్టారు, 2019లో ఆ జాబితా ఎత్తేశారు. 2016లో మెక్సికోకి వీసా తీసేశారు, దరఖాస్తులు వెల్లువెత్తాక 2024 ఫిబ్రవరి ఆఖర్లో మళ్ళీ పెట్టారు. విద్యార్థుల సంగతీ అంతే. కాలేజీలు ఫీజుల కోసం ఎడాపెడా చేర్చుకున్నంతకాలం ఊరుకుని, 2024 జనవరిలో ఒక్కసారి పరిమితి పెట్టారు. మీవాడి బ్యాచ్ పిల్లలు సరిగ్గా ఆ రెండింటి మధ్య ఇరుక్కున్నారు. రమ్మన్నప్పుడు వెళ్ళారు, చాలన్నప్పుడు అక్కడున్నారు. అందుకే ఆ పిల్లల మీద నాకు కోపం రాదు. త్వరగా వినే ఏర్పాటు ఉంటే, అంటే ఆరు నెలల్లో తీర్పు వస్తుందంటే, ఫ్లెక్సీ కథకి 6,000 డాలర్లు ఎవరిస్తారు? వంటింటి గడియ కథ చెప్పిన ఆవిడ కూతురు నాలుగున్నర ఏళ్ళకే అమ్మ దగ్గరికి చేరేది.

మన వైపు లోపం కూడా చెప్పుకోవాలి. ఇచ్ఛాపురం నుంచి ఒక కుర్రాణ్ణి గల్ఫ్‌కి వెల్డర్‌గా పంపే ఏజెంటుకి 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద విదేశాంగ శాఖ లైసెన్సు ఉండాలి, ఫీజు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ దాటకూడదు. ఎంతమంది పాటిస్తున్నారన్నది వేరే సంగతి, కనీసం చట్టం ఉంది. అదే కుర్రాణ్ణి లక్షల ఫీజుతో కెనడా కాలేజీకి పంపే కన్సల్టెన్సీకి ఆ చట్టం వర్తించదు. శరణార్థుల గురించైతే మన దేశంలో ప్రత్యేక చట్టమే లేదు, 1951 నాటి ఐక్యరాజ్యసమితి శరణార్థుల ఒప్పందం మీద సంతకమూ పెట్టలేదు. 2025లో పాత విదేశీయుల చట్టాలు నాలుగింటిని కలిపి కొత్తది తెచ్చారు, అందులోనూ ఆ మాట లేదు. కాబట్టి కెనడావాళ్ళని మనం మరీ వేలెత్తి చూపక్కర్లేదు.

సరే, మీవాడు ఏం చెయ్యాలి? సూపర్‌వైజర్‌గా ఏడాది అయిందన్నారు. అన్నిటికంటే విలువైన ముక్క అది, మీరు దాన్ని ప్రశ్న చివర్లో పారేశారు. సరుకు ఎత్తి దించే పని ఆ ఎక్స్‌పీరియన్స్ క్లాసు లెక్కలోకి రాదు, నిజంగా సూపర్‌వైజర్ పనైతే వస్తుంది. జీతం స్లిప్పులు, పన్ను కాగితాలు, ఏ పనులు చేస్తాడో రాసిన కంపెనీ లెటరు, ఈ మూడూ పర్మిట్ ఉండగానే చేతిలో పెట్టుకోవాలి. లెటరులో హోదా ఒక్కటే రాసి పనులు రాయకపోతే దండగ. ఆ ఏడాది అనుభవం గత మూడేళ్ళలోదైతే చాలు, దరఖాస్తు వేసేటప్పుడు కెనడాలోనే ఉండాలని లేదు. ఉద్దానంలో మీ అరుగు మీద కూర్చునీ వెయ్యొచ్చు. చాలామందికి ఈ సంగతి తెలియక, దేశం వదిలితే అంతా పోయినట్టేనని భయపడి ఇలాంటి దుకాణాల్లో పడతారు.

వయసు, చదువు, భాష, అనుభవం చూసి పాయింట్లు వేసి, ఎక్కువ వచ్చినవాళ్ళనే పీఆర్‌కి పిలుస్తారు. మీవాడికి ఆ పాయింట్లు చాలవని మీరంటారు, నిజమే. 2025లో ఆ క్లాసుకి పిలిచిన మార్కులు 500 పైనే. అదే ఏడాది మార్చిలో ఫ్రెంచి వచ్చినవాళ్ళని 379కే పిలిచారు. ఫ్రెంచి అంటే నవ్వకండి, ఇరవై ఏడేళ్ళవాడికి ఏడాది గట్టిగా కూర్చుంటే వచ్చే విద్యే, హైదరాబాద్‌లో అలయన్స్ ఫ్రాన్సెస్ ఉంది. ఇంగ్లీషు పరీక్ష మళ్ళీ రాసి నాలుగు విభాగాల్లో ఒక్కో మెట్టు పెంచుకున్నా పాయింట్లు బాగా కదులుతాయి. బ్రాంప్టన్ వదిలి అట్లాంటిక్ రాష్ట్రాలకి వెళ్తే, గుర్తింపు ఉన్న యజమాని దొరికితే అక్కడ వేరే దారి ఉంది, 2022 నుంచి శాశ్వత పథకం. 2025లో చిన్న ఊళ్ళ కోసం ఇంకొకటి మొదలెట్టారు, 14 చోట్ల. చలి ఎక్కువ, మనవాళ్ళు తక్కువ, అందుకే పిల్లలు పోరు. ఎవరైనా ఎల్ఎంఐఏ (విదేశీయుణ్ణి పనిలో పెట్టుకోవచ్చని యజమానికి ప్రభుత్వం ఇచ్చే కాగితం) ఉద్యోగం ఇప్పిస్తానని డబ్బడిగితే మాత్రం వినకండి. ఉద్యోగం అమ్మడం అక్కడ నేరం, పైగా దానికిచ్చే పాయింట్లు 2025 మార్చి 25 నుంచి తీసేశారు.

ఆ కన్సల్టెంటు దగ్గరకి మీవాడు ఇంకోసారి వెళ్తే రెండే అడగమనండి. కన్సల్టెంట్ల కాలేజీ (అంటే వాళ్ళకి లైసెన్సులిచ్చే సంస్థ) రిజిస్టరులో మీ పేరు ఏ నంబరు మీద ఉంది, బోర్డు ముందు వాదించే తరగతి లైసెన్సు ఉందా? దరఖాస్తులో ప్రతినిధిగా మీ సంతకం పెడతారా? ఆ రిజిస్టరు ఎవరైనా ఆన్‌లైన్‌లో చూడొచ్చు. సంతకం పెట్టనన్నాడంటే, విచారణ రోజున తెర మీద మీవాడి గడి ఒక్కటే ఉంటుంది, ఆయనది ఉండదు.

ఒకవేళ, ఇది కూడా అడగాలి కాబట్టి అడుగుతున్నాను, మీకు చెప్పని భయమేదైనా మీవాడికి నిజంగా ఉందేమో ఒంటరిగా కనుక్కోండి. ప్రేమ వ్యవహారం కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. ఉంటే నేను పైన చెప్పిందంతా పక్కనపెట్టి, లీగల్ ఎయిడ్ ద్వారా లాయర్ని కలవమనండి, ఉన్నదున్నట్టు చెప్పమనండి, ఒక్క రోజు కూడా ఆలస్యం చెయ్యొద్దనండి. దానికి మీ ఎఫ్ఐఆర్ అక్కర్లేదు.

లేదంటే సూపర్‌వైజర్‌గా ఏ తేదీ నుంచి, కింద ఎంతమంది పనిచేస్తారు, ఇంగ్లీషు పరీక్షలో ఏ విభాగంలో ఎంత వచ్చింది, పర్మిట్ మీద ఆఖరి తేదీ ఏమిటి, ఈ నాలుగూ కనుక్కుని ఇక్కడే రాయండి. అక్కడికీ మనకీ తొమ్మిదిన్నర, పదిన్నర గంటల తేడా. పొద్దున్నే ఆరింటికి చేస్తే వాడు పని నుంచి వచ్చి తీరిగ్గా ఉంటాడు.